వీపు వెనక మనిషి

మళ్ళీ తగిలింది.

వీపుకి వీపు. అరక్షణం, అంతే. అయినా డాన్సు నేర్చుకుంటున్న బడి పంతులమ్మ గుండె గుభేలుమంది.

టాంగో అనే ఆ జంట డాన్సులో ఆడమనిషిది వెనకనడక. జంటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి హాలు చుట్టూ తిరుగుతాయి. మగవాడు ముందుకు చూస్తూ నడిపిస్తాడు. తన వీపు వెనక ఏముందో ఆమెకు మాత్రం తెలియదు. నిరుడు అలాగే ఎవరి కాలో అడ్డొచ్చి పడింది, చీలమండ విరిగింది. ఇంకోసారి విరిగితే ఇక డాన్సు మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు.

"ఏవండీ, మళ్ళీ ఆ మనిషే," అంది భర్త చెవిలో.

ఆయన ఆమె భుజం మీదుగా చూశాడు. ముందు జంటలో ఆ నెరిసిన జుట్టు పొడుగాయన.

"ఉంటే ఉండనీ. ఆయన ముఖం అటు, నీ ముఖం ఇటు. నిన్నేమైనా కొరుక్కుతింటాడా?"

"రోజూ మన ముందే ఎందుకు దూరతాడు? హాల్లో ఇంకెక్కడా చోటు లేనట్టు!"

ఆ మాట నిజమే. ఏ పాటకు లేచినా, ఎవరితో జోడీ కట్టినా, ఆ మనిషి వచ్చి సరిగ్గా వీళ్ళ ముందే చేరేవాడు. ఎవరితోనూ ఉలకడు, పలకడు. ఆమె ఆగితే ఆగుతాడు, కదిలితే కదులుతాడు. వీడికి వీపున కళ్ళున్నాయా ఏమిటని ఆమెకు ఒళ్ళు జలదరించేది. ఇంటికెళ్ళేటప్పుడు సందు మలుపులో ఆగి వెనక్కి చూసుకునేది. ఎవరూ ఉండేవారు కాదు. అయినా తాళంచెవి పిడికిట్లో బిగించే నడిచేది.

చిత్రమేమిటంటే, ఇంత భయంలోనూ ఆమె డాన్సు గట్టిపడింది. అడుగు సాగింది. కళ్ళు మూసుకుని నడవడం కూడా కొద్దికొద్దిగా పట్టుబడింది. ఆదివారం ప్రదర్శనకి డాన్సు నేర్పే టీచరమ్మ ఆమె పేరే ముందు చెప్పి, పనిమీద పొరుగూరు వెళ్ళింది.

ఆ వారమే పంతులమ్మ తెగించింది.

"ఆ మనిషి వస్తే నేను రాను," అంది కొత్తగా చేరిన హాలు మేనేజరుతో.

"ఏమైనా అన్నాడా అమ్మా?"

"అనేదాకా ఆగాలా?"

మేనేజరు తల గోక్కుంటూ వెళ్ళి ఆయనతో ఏదో చెప్పాడు. పొడుగాయన విన్నాడు. తల ఊపాడు. వంగి బూట్లు విప్పి, సంచిలో పెట్టుకుని, ఆమె వంకైనా చూడకుండా బయటికి నడిచాడు.

"అమ్మయ్య! పీడ విరగడైంది," అనుకుంది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. పాట మొదలైంది. పంతులమ్మ కళ్ళు మూసుకుంది.

ఒక చుట్టు తిరిగేసరికి ఎవరి మోచెయ్యో వీపులో పొడుచుకుంది. వెంటనే ఇంకెవరి మడమో పిక్కని గీరుకుపోయింది. కళ్ళు తెరిచింది. అడుగు వెనక్కి పడితే ఒట్టు.

"నావల్ల కాదండీ."

"నిన్నమొన్నటిదాకా బాగానే చేశావుగా!"

"నావల్ల కాదు!" ఆమె ఆయన చెయ్యి విడిపించుకుని పక్క గదిలోకి పరుగెత్తింది.

ఆ సాయంత్రమే ఊరినుంచి తిరిగొచ్చిన టీచరమ్మ వెనకే వచ్చింది. "మీ ముందు జంటలో ఆయనేరీ?"

"నేనే పంపించేయించాను టీచర్. ఆయన్ని చూస్తే భయం వేసింది."

టీచరమ్మ కుర్చీలో కూలబడింది.

"ఎంత పని చేశావమ్మా! నువ్వు పడ్డావని తెలిసి, నీ భయం పోయేదాకా నీ ముందు జంటలో తనే నడుస్తానన్నారు. నీ అడుగుల చప్పుడు వింటూ, నీకు తగలాల్సిన దెబ్బలన్నీ కాచుకున్నారు. తెలిస్తే నువ్వు ఆయన మీదే ఆధారపడతావని, ఎవరికీ చెప్పొద్దన్నారు."

పంతులమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఎక్కడుంటారో చెప్పండి. ఇప్పుడే వెళ్ళి బతిమాలి తీసుకొస్తాను."

"రారమ్మా. తనవల్ల ఒక ఆడమనిషి భయపడిందని తెలిశాక, ఆయన ఇంకే హాల్లోనూ అడుగు పెట్టరు."

"అంత గట్టిగా ఎలా చెబుతున్నారు?"

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఆయన మా నాన్న."