నాలుగో వెర్షన్ చాయ్

ఆటోలు వాటంతటవే నడిచే కాలం వచ్చినా, హన్మకొండ స్టాండులో పేరుకే మిగిలిన డ్రైవర్ల వాదనలు ఆగలేదు. ఆటోలను నడిపే సాఫ్ట్‌వేర్‌లో నచ్చిన పాత వెర్షన్‌ను మళ్లీ ఎక్కించుకోవచ్చని ఆ పొద్దున కబురు రాగానే యాదగిరికి ప్రాణం లేచొచ్చింది.

“ఏడోదే మంచిగుండె. గుంతను ముందే పసిగడుతుండె గదరా!” అన్నాడు సారయ్య.

“గుంతలు పోనీ బావా! నాల్గోది మనం చెప్పకముందే మస్తాన్ హోటల్ కాడ ఆగి, చాయ్ కోసం రెండుసార్లు హారన్ కొడుతుండె. యాదికుందా?” అన్నాడు యాదగిరి.

అందరూ నాలుగోదే ఎక్కించుకున్నారు. హోటల్ మూతపడి ఆరేళ్లయిందని ఆటోలకు మాత్రం తెలియదు. పన్నెండూ బారుగా వెళ్లి, మూసిన షట్టర్ ముందు ఆగి, రెండేసి సార్లు హారన్ కొట్టాయి. యాదగిరి నాలుక కరుచుకున్నాడు.

పైఅంతస్తు కిటికీ ధడేల్న తెరుచుకుంది. నెరిసిన గడ్డంతో మస్తాన్ తొంగిచూశాడు.

“వస్తున్న, ఆగుండ్రి! ఎన్ని చాయ్‌లు?”