వంకర తీసిన ఉంగరం

సూది మళ్ళీ జారింది. తీతు చిరాగ్గా చెయ్యి విదిలించాడు.

ఎడమచేతి ఉంగరపు వేలు ఎప్పుడో మెషీన్లో నలిగి, కణుపు దగ్గర కుంకుడుకాయంత ఉబ్బి, అలాగే గట్టిపడిపోయింది. లేత్ మెషీను మీద రైలు చక్రాలు చెక్కుతున్నంతసేపూ అది అతనికి గుర్తే రాదు. ఈ పూసల పని పెట్టుకున్నాక మాత్రం ప్రతిదానికీ అడ్డం తగులుతోంది.

శనివారం సైరన్ మోగి రైల్వే వర్క్‌షాపు మూసేశాక ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో అన్ని ఇళ్ళూ గోలగోలగా ఉంటాయి. తీతు క్వార్టర్లో కుండలో గ్లాసు ముంచిన చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది. భార్య సూసన్న పోయాక ఒక వానాకాలం గడిచింది. పిల్లల్లేరు. ఇంటికొస్తే తిన్నావా అని అడిగే మనిషి లేదు.

రేపు సమాధుల పండుగ. అందరూ పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. సూసన్నకి పూలతోబాటు ఇంకోటి కూడా పెట్టాలని తీతు ఆశ. ఆమె సగంలో వదిలేసిపోయిన పూసల ఉంగరం.

అది బిస్కెట్ల డబ్బాలో దొరికింది. సూది ఇంకా దారానికే వేలాడుతోంది. నీలం, తెలుపు గాజు పూసలు. రంగులు ముచ్చటగానే ఉన్నాయి గానీ ఆకారమే ఘోరం. ఉండాల్సినదానికన్నా బాగా పెద్దది, పైగా ఒక పక్క పొట్ట. బల్ల మీద దొర్లిస్తే కుంటుకుంటూ పోయి పడిపోతోంది.

సూసన్న చేతిపని అలా ఉండేది కాదు. వీధిలో సగం ఇళ్ళల్లో గ్లాసుల మీద కప్పే పూసల మూతలు ఆమె అల్లినవే. మంచం పట్టాక, జ్వరంలో అల్లింది కాబట్టి చెయ్యి తప్పిందని తీతు తీర్మానించుకున్నాడు.

అప్పట్లో ఆ మాట పైకి అన్నాడు కూడా.

“ఇదేటే, ఉంగరమా గుమ్మడికాయా? నీ ఏలికి కంకణంలాగ ఏలాడతాది.”

సూసన్న నవ్వి, దాన్ని దిండు కింద దాచేసింది.

“మీకెందుకండీ? మీ రైలు సక్రాలేవో మీరు సూసుకోండి.”

ఇప్పుడా నవ్వే గుర్తొచ్చి అతనికి ప్రాణం ఉసూరుమంటోంది. ఆమె ఆఖరి పనికి నలుగురూ వంక పెట్టకూడదు. అంతే అతనికి కావలసింది.

తీతు మంచి పనివాడు. చక్రం గుండ్రంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా అతనికి నిద్ర పట్టదు. ఇనుమైనా పూసైనా గుండ్రం గుండ్రమే కదా అనుకున్నాడు.

పాత క్యాలెండరు కాగితాన్ని గరాటులా చుట్టి, సూసన్న పెళ్ళి ఉంగరాన్ని దానికి తొడిగాడు. అది ఆగిన చోట పెన్సిలుతో గీత పెట్టాడు. పెళ్ళిలో మార్చుకున్న ఉంగరాల్లో ఇదొక్కటే మిగిలింది. తన ఉంగరాన్ని వేలు నలిగిన రోజునే ఆసుపత్రిలో కోసి తీసేశారు.

ఇక పొట్ట దగ్గర దారం విప్పాడు. అక్కడ అన్నీ పెద్ద పూసలే. అవి తీసేసి చిన్నవి ఎక్కించాడు. దారం బిగిస్తే ఉంగరం ముడుచుకుపోయింది. వదిలితే సాగిపోయింది. మళ్ళీ విప్పాడు. ఈసారి చిన్న పూసల మధ్య అక్కడక్కడా ఒక పెద్దది వేసి, ముడి ముడికీ గరాటుకి తొడిగి చూసుకుంటూ మెల్లగా లాగాడు. పొట్ట పోయింది. ఉంగరం సరిగ్గా గీత దగ్గర ఆగింది.

కొసలు కత్తిరించి అగ్గిపుల్లతో కాల్చాడు. నైలాన్ దారం కరిగి పూసలకు అంటుకుపోయింది. ఇక విప్పడానికి లేదు. తీసేసిన పూసల్ని డబ్బాలో కలిపేశాడు.

“ఇప్పుడు సూడు సూసన్నా, ఎలాగుందో!” అన్నాడు పైకే. లేచి వెళ్ళి నీళ్ళు తాగాడు.

పొద్దు వాలుతుండగా పక్క క్వార్టరు అప్పలకొండ బంతిపూలు తెచ్చింది. సూసన్న బతికున్నన్నాళ్ళూ ఇద్దరూ మధ్యాహ్నాలు మెట్ల మీద కూర్చుని పూసలు గుచ్చేవారు.

“వదినకి రేపటికి పూలు తెచ్చినానన్నయ్యా.”

తీతు ఉంగరాన్ని బల్ల మీద దొర్లించాడు. అది ఎక్కడా కుంటకుండా నేరుగా వెళ్ళి ఆమె చేతిలో పడింది.

“శానా బాగుంది. నువ్వే అల్లినావేటి?” అప్పలకొండ మురిసిపోయింది. “మరి వదిన అల్లిన ఉంగరమేదీ?”

“అదే ఇది. పొట్ట తీసేసి, మీ వదిన ఏలి కొలతకి తెచ్చినాను. దాని సమాధి మీద పెడతాను.”

అప్పలకొండ మొహంలో నవ్వు పోయింది. పూసల డబ్బా వంక చూసింది. తర్వాత బల్ల మీదున్న అతని ఎడమచేతి వంక చూసింది.

“ఏటైంది, సెప్పు?” అన్నాడు తీతు.

“అయ్యో అన్నయ్యా, నువ్వు నిద్దరోయినప్పుడల్లా నీ ఆ కణుపు సుట్టూ దారం తిప్పి కొలిసి, ఉంగరం అది దాటి దిగాలనే వదిన ఆ పొట్ట పెట్టింది.”