రాయని మందు

“రాస్తారా, రాయరా?” తాపీమేస్త్రి బల్ల మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. డాక్టరమ్మ ముందున్న పెన్ను ఎగిరి కింద పడింది.

అతని భుజం మీద ఏడేళ్ల కూతురు సోలిపోయి ఉంది. మూడు రోజులుగా జ్వరం, జలుబు. డాక్టరమ్మ గొంతు చూసింది, చెవులు చూసింది, ఊపిరి విన్నది, రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చదివింది.

“ఇది వైరస్ జ్వరం మేస్త్రిగారూ. దీనికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు.”

“మా పక్కింటి పిల్లాడికి అదే వేస్తే రెండ్రోజుల్లో లేచి కూర్చున్నాడు!”

“వెయ్యకపోయినా లేచేవాడే.”

కాంపౌండరు ఆమె చెవి దగ్గర గొణిగాడు. “రాసి పారెయ్యండి మేడమ్, గొడవ వదిలిపోతుంది. బయట ఇరవై మంది వింటున్నారు.”

ఆమె వంగి పెన్ను తీసుకుంది. కాగితం మీద ఆనించింది. పాప మూతలు పడుతున్న కళ్లతో ఆమెనే చూస్తోంది. పెన్ను పక్కన పెట్టేసింది.

“గోడ పడగొట్టాలంటే మీరేం చేస్తారు?”

“సమ్మెట పెట్టి కొడతాం. అదెందుకిప్పుడు?”

“బ్యాక్టీరియాకి చుట్టూ గోడ ఉంటుంది. చాలా యాంటీబయాటిక్‌లు కూల్చేది ఆ గోడనే. వైరస్‌కి అలాంటి గోడే లేదు. మన ఒంటి కణాల్లోకే దూరి కూర్చుంటుంది. ఇక సమ్మెట ఎవరి మీద ఆడిస్తారు? పైగా ఒంట్లో మనకి మేలు చేసే బ్యాక్టీరియా చస్తుంది. చావకుండా మిగిలింది మొండికేస్తుంది. రేపు నిజంగా అవసరమైన రోజున ఈ మందు పాపకి పనిచెయ్యకుండా పోవచ్చు.”

మేస్త్రి జారిపోతున్న పాపని భుజం మీదకి సర్దుకున్నాడు. “మరి ఆ వైరస్‌నెవరు తరుముతారు?” అన్నాడు గొంతు తగ్గించి.

“మీ పాప ఒళ్లే. నాలుగు రోజులు ఓపిక పట్టండి. జ్వరం తగ్గడానికి ఈ సిరప్, తరచుగా నీళ్లు, కంటినిండా నిద్ర. ఆయాసపడినా, నీళ్లు తాగకపోయినా, అప్పటికీ జ్వరం దిగకపోయినా వెంటనే తీసుకురండి.”

“పిల్లకేమన్నా అయిందో...” మాట పూర్తి చెయ్యకుండానే విసురుగా వెళ్లిపోయాడు.

ఆ నాలుగు రోజులూ ఆమెకి ముద్ద సరిగ్గా దిగలేదు. తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేది.

ఐదో రోజు పొద్దున్నే కాంపౌండరు పరిగెత్తుకొచ్చి గది తలుపుకి గడియ పెట్టాడు. “మేడమ్, ఆ మేస్త్రి! పదిమందిని వెంటేసుకొచ్చాడు!”

అయినా ఆమె లేచి గడియ తీసింది. గుమ్మంలో మేస్త్రి. వెనక సిమెంటు మరకల బట్టలతో మనుషులు. పాప ఎక్కడా కనిపించలేదు.

“పాప... ఎలా ఉంది?”

“బడికెళ్లిందమ్మా” అన్నాడు మేస్త్రి. తర్వాత వెనకున్నవాళ్లని ముందుకి తోశాడు. “వీళ్లంతా నా పనివాళ్లు. అందరికీ జలుబే. యాంటీబయాటిక్ ఊరికే మింగకూడదురా అంటే ఒక్కడూ నా మాట వినట్లేదు. మీరే చూసి, గట్టిగా నాలుగు చివాట్లు పెట్టి పంపండి!”