నీళ్లు ఇంకే మూల

గడ్డపార ఇంకా శశికళ చేతిలోనే ఉంది. కింద పడ్డ తమ్ముడు కిషన్ నుదుటి నుంచి రక్తం కారుతోంది.

"గీడ తవ్వద్దని చెప్పిన్నా లేదా?"

ఇంటింటా ఇంకుడు గుంతలు తవ్వుతున్న ఏడు అది. తమ నాంపల్లి ఇంటి ముందు వాననీళ్లు చేరి ఇంకేలా ఓ తోట వేద్దామని కిషన్ నాలుగు మూలలా చిన్న గుంతలు తీసి, బకెట్లతో నీళ్లు పోసి చూశాడు. మూడు చోట్ల నీళ్లు నిలబడ్డాయి. ఈ మూల మాత్రం పోసినవి పోసినట్టే ఇంకిపోయాయి. ఇక్కడ నాటాలని తెచ్చిన వట్టివేరు, తుంగ, మొగలి మొక్కల్ని అక్క అప్పటికే తొక్కి చంపింది.

కిషన్ లేచి ఆమె గొంతు పట్టుకుని గోడకు అదిమాడు.

"గీడ ముగ్గెయ్యవు. చెప్పులతోని నడవనియ్యవు. ఏందక్కా గీ మూల? ఏ దేవుడున్నడు?"

ఆమె గోళ్లతో అతని చెంప చీరింది. అతను వదిలేశాడు.

"గీడ బాయి ఉండె. నల్లా వచ్చిందని నాయిన రాళ్లు, మన్ను పోసి పూడ్చిండు."

"ఎప్పుడు?"

"అమ్మ లేచిపోయిందని నీకు చెప్పిన్రు సూడు, గా దినమే."

కిషన్ గుంత వైపు తిరిగాడు.

"అమ్మ ఏడికీ పోలేదురా. నాయిన బాయిల తోసిండు. నువ్వు నా సంకల ఉన్నవ్. మన్ను పోస్తుంటె గూడ పైకి తియ్యున్రని ఒర్రింది."

ఆఖరి బకెట్ నీళ్లు కూడా అప్పటికే ఇంకిపోయాయి. కిషన్ వంగి, కాళ్లకున్న చెప్పులు విప్పాడు.