నీళ్ల చప్పుడు

"ఈ చప్పుడు కాదు మేస్త్రిగారూ" అంది ఆవిడ.

చేపల మేస్త్రి మోటారు కట్టేశాడు. ఆ మాట అప్పటికి ఎన్నోసారి విన్నాడో అతనికే గుర్తులేదు.

పెరట్లో అలంకారపు చేపల కోసం గుంట తవ్వి, పట్టా పరిచి, రాళ్లు పేర్చి, పైనుంచి చిన్న జలపాతం దూకించడం అతని పని. నీళ్లు పారడం మొదలెట్టగానే ఎవరైనా మురిసిపోతారు, ఫొటోలు తీసుకుంటారు. ఈవిడ నీళ్లకేసి చూడనే చూడదు. మోటారు వేయగానే గబగబా లోపలి గదిలోకి వెళ్లిపోతుంది. మంచం మీదున్న భర్త దిండు మీదే తనూ తల ఆన్చి, కళ్లు మూసుకుని వింటుంది. తర్వాత కిటికీలోంచి తొంగిచూసి కాదంటుంది.

భర్తకు పక్షవాతం. అలాంటిలాంటిది కాదు. మెడ కింద ఏదీ కదలదు. మాట పోయింది. కనురెప్పలు మాత్రం ఆడతాయి. ఒకసారి ఆర్పితే అవునని, రెండుసార్లు ఆర్పితే కాదని. ఆ భాష ఆస్పత్రిలో నేర్పి పంపించారు.

"తెలివి చెక్కుచెదరలేదమ్మా. చెవులంటారా, పాము చెవులు. మీరు ఇలాగే చూసుకుంటే ఇంకా ఏళ్ల తరబడి బతుకుతారు" అన్నాడు డాక్టరు.

ఆ మాట విన్న వారంలోనే ఆవిడ మేస్త్రికి కబురు పెట్టింది.

"ఆయనకు మిగిలినవి చెవులే కదండీ. వాటిని ఖాళీగా వదిలేయడం ఎందుకని" అంది.

మేస్త్రి మనసు కరిగిపోయింది. సొంతింటి పనిలా చేసి పెడతానని మాటిచ్చేశాడు. అదెంత మాటో పని మొదలయ్యాక గాని తెలిసిరాలేదు.

ముందు ఏటవాలు బండ మీంచి నీళ్లు జార్చాడు. మరీ పల్చగా ఉందంది. ఎత్తు పెంచి దూకించాడు. వాన పడినట్టుంది, వద్దంది. మెట్లు మెట్లుగా రాళ్లు పేర్చి, గలగలమనిపించి, ఇక దీనికి తిరుగులేదనుకున్నాడు. "ఇది నవ్వినట్టుంది. తీసేయండి" అంది ఆవిడ. మేస్త్రికి తల ప్రాణం తోకకొచ్చింది.

మిగతా విషయాల్లో మాత్రం ఏ పేచీ పెట్టలేదు. చేపలు ఎర్రవి వేయమంటారా, తెల్లవి వేయమంటారా అని అడిగితే మీ ఇష్టం అంది. చేపల గుంట కట్టించుకుంటూ చేపల సంగతి పట్టని మనిషిని అతను చూడటం అదే మొదలు.

"చుట్టూ కంచె వేయమంటారా అమ్మా? పిల్లలుండే ఇళ్లలో తప్పకుండా వేస్తాం."

"ఈ ఇంట్లో పిల్లల్లేరు" అంది ఆవిడ.

"స్విచ్చి గదిలో పెట్టనా? పడుకునేముందు ఆపుకోవాలి కదా."

"ఆపేది లేదు. ఇన్వర్టరుకి కలిపేయండి. కరెంటు పోయినా ఆగకూడదు."

పక్కింటావిడ గోడ మీంచి ఈ తతంగమంతా చూస్తూనే ఉంది. వీళ్లు ఈ ఇల్లు కొనుక్కుని వచ్చి ఏడాదే అయినా, ఆ ఇల్లాలి సేవ చూసి వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. వేళకి మందులు, వేళకి స్నానం, ఒంటి మీద ఒక్క పుండు లేదు. కంటికి రెప్పలా చూసుకుంటోంది.

"మీలాంటివాళ్లు ఎక్కడో గాని ఉండరండీ. మా ఆయన మంచాన పడితే నేనైతే రేడియో పెట్టి ఊరుకుంటాను" అంది పక్కింటావిడ.

ఆవిడ చిన్నగా నవ్వింది.

చివరికి మేస్త్రి చేతులెత్తేశాడు. "నావల్ల కావట్లేదమ్మా. అసలు మీకు ఎలా వినపడాలో మీరే చెప్పండి" అన్నాడు.

ఆవిడ వంటింట్లోంచి ఖాళీ బిందె తెచ్చింది. గుంట గట్టున కూర్చుని, దాన్ని పక్కకి వంచి, నీళ్లలోకి నెమ్మదిగా నొక్కింది. బుడబుడమంటూ బిందెలోకి నీళ్లు చొరబడ్డాయి. బిందె పూర్తిగా మునిగిపోయేదాకా ఆవిడ చేతులు తీయలేదు.

"ఇలా. కాకపోతే ఇది ఆగిపోతోంది. ఆగకూడదు" అంది.

మేస్త్రికి పట్టు దొరికింది. రెండు పెద్ద బండల మధ్య సన్నటి సందు వదిలి, కింద బోలుగా ఉంచి, నీళ్ల ధారంతా ఆ సందులోకే మళ్లించాడు. మోటారు వేశాడు. నీళ్లు గాలిని మింగుతూ, కక్కుతూ లోపలికి దిగుతున్నాయి. బుడబుడ. కాసేపు గుటక వేసినట్టు. మళ్లీ బుడబుడ.

ఆవిడ లోపలికి వెళ్లి దిండు మీద తల ఆన్చింది. ఈసారి చాలాసేపు లేవలేదు. మేస్త్రి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. పక్కింటావిడ కూడా ఉండబట్టలేక లోపలికే వచ్చేసింది.

మంచం మీద ఆయన రెప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. రెండుసార్లు. ఆగి, మళ్లీ రెండుసార్లు. మళ్లీ రెండుసార్లు.

"అయ్యగారు వద్దంటున్నారేమో అమ్మా" అన్నాడు మేస్త్రి అనుమానంగా.

"కొత్తది ఏదైనా ఆయన ముందు వద్దనే అంటారు. అలవాటవుతుంది" అంది ఆవిడ లేస్తూ.

ఆయన కళ్లలోంచి నీళ్లు చెంపల మీదుగా చెవుల్లోకి దిగాయి.

"సంతోషం పట్టలేకపోతున్నాడు పాపం" అని పక్కింటావిడ తనూ కళ్లు ఒత్తుకుంది.

ఆవిడ ఆయన చెవులు రెండూ మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచింది. కిటికీ రెక్కలు బార్లా తెరిచి, మళ్లీ మూసుకోకుండా కొక్కేలు తగిలించింది.

"ఇదే మేస్త్రిగారూ. అచ్చం ఇదే" అంది.

మూడేళ్ల కిందట, తాగి నడిపి కాలువలో పడేసిన కారులోంచి ఆయనొక్కడూ ఈదుకుంటూ గట్టెక్కుతుంటే, వెనక సీట్లో ఇరుక్కున్న పదేళ్ల కూతురు నాన్న వదిలేసిన ఫోనుతో అమ్మను పిలిచినప్పుడు, "అమ్మా" అన్న మాట తర్వాత ఆవిడకు చాలాసేపు వినిపించింది ఈ చప్పుడే.