గ్రీన్‌రూమ్ బయట దుర్యోధనుడు

సూర్యాపేట హాల్లో, గ్రీన్‌రూమ్ అని రాసిన తలుపు ముందు, ఉప్పలయ్య దుర్యోధనుడి వేషంలో నిలబడ్డాడు. పిల్లలు మూగి మీసం లాగుతున్నారు. రంగు వేసిన ముఖం తెర లేవకముందు జనం కంటబడితే ఆ పాత్ర చచ్చినట్టేనని నాటకాలవాళ్ల నమ్మకం.

"ఏసమ్మా, జర లోపలికి రానియ్యి. ఇజ్జత్ పోతున్నది."

ఇప్పుడు నాటక సమాజం ఏసమ్మది. దుర్యోధనుడి వేషానికని ఉప్పలయ్యను పిలిపించింది ఆమే. అది ఉప్పలయ్య చేతిలో ఉన్నప్పుడు, ఎనభై రెండులో, కోదాడలో ఆమె ద్రౌపది. "గ్రీన్‌రూమ్ మా జాగ. నీ కులపోళ్లకు బయటనే" అని ఆమెను లారీ చాటుకు తోశాడు. ఆమె చీర కట్టుకుంటుంటే జనం ఈలలు వేశారు. స్టేజీ మీద ఏడిస్తే పగలబడి నవ్వారు. బైబిల్లో ఐగుప్తు రాజు ఫరోలాగే ఉప్పలయ్య గుండె బండబారింది. దేవుడు చూశాడు. ఏసమ్మ మరిచిపోలేదు.

"లోపల ఆడోళ్లు చీరలు కట్టుకుంటున్నరు మామా. నేను పిలిచేదాకా ఎవ్వరినీ రానియ్యకు."

ఉప్పలయ్య గద అడ్డం పెట్టాడు. తొంగిచూడబోయిన మగవాళ్లను తిట్టి తరిమాడు.

గంట మోగింది. తెర లేచింది. స్టేజీ మీద నుంచి దుర్యోధనుడి పద్యం వినబడింది.

ఉప్పలయ్య బిత్తరపోయాడు. "గాడ పాడేది ఎవరే?"

"దుర్యోధనుడు" అంది ఏసమ్మ, తలుపు సందులోంచి. "నిన్ను పిలిపించింది గీ తలుపు కాడ కాపలాకే. కిరీటం తియ్యకు మామా, జనం సూడాలె."