బీట్‌రూట్ డబ్బా

“రేడియోలో వాళ్ల బండి పలకడం లేదత్తయ్యా!” అంది టెగన్.

ఆమె భర్త క్రెయిగ్, ఊరివాళ్లు మరో ఐదుగురు యూకలిప్టస్ అడవిలో మంటలార్పడానికి వెళ్లి నాలుగు గంటలైంది. మధ్యాహ్నం రెండింటికే కిటికీలో ఆకాశం ఎర్రగా మండుతోంది.

నోలా పెనం మీది మాంసం బిళ్లలను తిరగేసింది. “ఆకలితో వస్తారు, బన్నులు కాల్చు. మావాడికి గుడ్డూ పడాలి, అనాసముక్కా పడాలి. లేకపోతే అదసలు బర్గరే కాదంటాడు.”

“అక్కడ మీ కొడుకు ఏమయ్యాడో తెలీదు. మీకు వంటెలా చేయబుద్ధవుతోంది? భయమే లేదా మీకు?”

నోలా సీలు వేసిన బీట్‌రూట్ ముక్కల రేకు డబ్బానూ, ఓపెనర్‌నూ కోడలి ముందుకు జరిపింది. “ఇది కాస్త తెరిచిపెట్టమ్మా. పావుగంట నుంచీ చూస్తున్నా, నా చేతులు నిలవడం లేదు.”

డబ్బా మూత చుట్టూ గాట్లే గాట్లు.

టెగన్ డబ్బా తెరిచి, అత్తకు భుజం తగిలేంత దగ్గరగా నిలబడి, ఒక్కో బన్ను మీద ఎర్రటి ముక్కలు పేర్చసాగింది.

రేడియో గరగరలాడింది. “ఏడో నంబరు బండి. పొగలో ఇరుక్కుపోయి, ఇప్పుడే బయటపడ్డాం. ఆరుగురం క్షేమం, వచ్చేస్తున్నాం.”

అది క్రెయిగ్ గొంతే.

నోలా చేతిలోని గరిటె జారిపోయింది. నేల మీద చతికిలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. టెగన్ పొయ్యి ఆర్పి, ఆమె పక్కనే కూర్చుంది.